నక్కవాగు నీళ్లూ, ప్రచురణకర్తల సుంకాలూ

నక్కవాగు పటాన్‌చెరు పక్కగా పారి మంజీరలో కలుస్తుంది. గత యాభై యేళ్లలో యీ ప్రాంతంలో మందుల ఫ్యాక్టరీలూ, రసాయనాల ఫ్యాక్టరీలూ వెలిసిన తర్వాత ఆ వాగులో పారిందేమిటో ఆరుట్ల, చిదురుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట రైతులకు యెవరూ చెప్పనక్కరలేదు. రంగు చూశారు, వాసన చూశారు, పంటలు పోగొట్టుకున్నారు, నష్టపరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన రిట్ పిటిషన్ 2001లో రాష్ట్ర హైకోర్టుకు వచ్చి, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు పోయి, 2017లో గాని తీర్పుకు రాలేదు. యిరవై యేడేళ్లు! యిన్నేళ్లూ బాధితుణ్ణి వెంటాడిన ప్రశ్న వొకటే: నీ నీళ్లు చెడిపోయాయనడానికి రుజువేది?

రుజువు లేకపోలేదు. అచ్చయి వుంది. 2001 సంవత్సరం వొక్కదానిలోనే హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు మీద మూడు పెద్ద వ్యాసాలు ప్రకటించారు. యీ నేలలో భారలోహాలు యే మేరకు చేరినవో వొకదానిలో రాశారు. కాలుష్యం భూగర్భజలంలో యెటు ప్రయాణిస్తున్నదో, యెంత దూరం పోగలదో గణితనమూనా కట్టి మరొకదానిలో చూపారు. ఫ్యాక్టరీ వ్యర్థజలాలు చుట్టుపక్కల నీటి గుణాన్ని యెట్లా మార్చినవో మూడవదానిలో తేల్చారు. యివి యెక్కడ అచ్చయినవి? 'ఎన్విరాన్‌మెంటల్ జియాలజీ'లో, 'వాటర్, ఎయిర్ అండ్ సాయిల్ పొల్యూషన్'లో, 'హైడ్రోజియాలజీ జర్నల్'లో. మూడూ చందాల మీద నడిచే విదేశీ పత్రికలు. మూడూ నేడు స్ప్రింగర్ అనే వొకే ప్రచురణ వ్యాపారం చేతిలో వున్నవి. శీర్షికల్లో మాత్రం మన పటాన్‌చెరు పేరో, మెదక్ జిల్లా పేరో స్పష్టంగా వుంటుంది.

తర్వాత 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లార్సన్ ప్రభృతులు పటాన్‌చెరులోని వుమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. దరిదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు ఆ కేంద్రానికి వచ్చేవి. "శుద్ధి" అయిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నదని తేలింది. రోజుకు 45 కిలోల మందు నీళ్లపాలు అవుతున్నదని వారు లెక్క వేశారు. 90 లక్షల జనాభా వున్న స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో మింగే మందు, పటాన్‌చెరులో వొక్క పగలూ వొక్క రేయిలో కాలవలోకి పోతున్నదన్నమాట. యీ భయంకర సత్యం ఎల్సెవియర్ వారి 'జర్నల్ ఆఫ్ హజార్డస్ మెటీరియల్స్' అనే పత్రికలో అచ్చయింది. 2009 జనవరిలో వొక అమెరికన్ వార్తాసంస్థ దాన్ని యెత్తి రాసిన తర్వాతనే మన దినపత్రికల్లో గగ్గోలు పుట్టింది. పటాన్‌చెరు నీటి సంగతి స్వీడన్‌కు పోయి, అమెరికా మీదుగా పటాన్‌చెరుకు తిరిగి వచ్చింది! మన పోస్టు కార్డు కూడా యింత ఆలస్యం చెయ్యదు.

యిక్కడ శాస్త్రజ్ఞులను నిందించడం నా వుద్దేశం కాదు. వాళ్లు నిజాయితీగా పని చేశారు. ఫ్యాక్టరీ యజమానులకు రుచించని లెక్కలు నిర్భయంగా రాశారు. నేను అడిగేది ఆ లెక్కలకు కంచె వేసి, ద్వారం దగ్గర సుంకం వసూలు చేస్తున్నవాళ్లను గురించి. నిజాం కాలంలో సరిహద్దు దగ్గర కరోడ్‌గిరి నాకాలు వుండేవి. సరుకు తెచ్చేవాడు సుంకం కట్టి గాని లోపలికి రాకూడదు. అయినా ఆ నాకావాడు నీ యింటి బావి దగ్గర కూచుని, నీ బావి నీళ్ల సంగతి నీకు చెప్పడానికి పైకం అడగలేదు.

వొక చిన్న అనుభవం చెబుతాను. నేను యీ ప్రాంతపు వొక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. భూగర్భశాస్త్రానికీ నాకూ చుట్టరికం లేదు. మూడేళ్ల కిందట మా తరగతి విద్యార్థి వొకడు తన తండ్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన వాగు వొడ్డున కౌలుకు సేద్యం చేసే మనిషి. "సారూ, మా బోరు నీళ్లు పట్కపొయ్యి ఎన్నడో పరీక్ష జేసిన్రు. పుస్తకంల అచ్చేసిన్రంట. అండ్ల ఏమున్నదో జర సదివి చెప్పున్రి" అన్నాడు. యెంత సబబైన కోరిక! వెతికితే వ్యాసం కనబడింది. పైన పది వాక్యాల సారాంశం వుచితం. పట్టికలూ, పటాలూ, యే వూళ్లో యే బావి అన్న వివరమూ, అంటే ఆ రైతుకు కావలసిందంతా, లోపల. లోపలికి పోవాలంటే దరిదాపు 40 డాలర్లు. ఆ సంస్థ పేరు యిక్కడ చెప్పను. పేరు మారినా ధర పెద్దగా మారదు. నాట్లకు పోయే కూలికి అది యెన్ని రోజుల కూలి అవుతుందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. ఆనాడు నేను ఆయనకు "మళ్లీ కనుక్కొని చెప్తాను" అని పంపివేశాను. యెమ్మే పట్టా వున్న మనిషిని వొక నిరక్షరాస్యుడి యెదుట నిరక్షరాస్యుణ్ణి చేసి నిలబెట్టిన వ్యవస్థ అది.

యీ వ్యాపారం నడిచే తీరు చూడండి. పరిశోధనకు డబ్బు పెట్టేది ప్రభుత్వం, అనగా కిరసనాయిలు మీద కూడా పన్ను కట్టే ప్రజ. రాసేది జీతం తీసుకునే శాస్త్రజ్ఞుడు. రాసినందుకు ప్రచురణకర్త అతనికి దమ్మిడీ యివ్వడు. తప్పొప్పులు పరిశీలించేది తోటి శాస్త్రజ్ఞులు. వారికీ దాదాపు యెక్కడా దమ్మిడీ లేదు. చివరకు ఆ సరుకును కొనవలసింది మళ్లీ ప్రభుత్వ గ్రంథాలయమే. తెలంగాణ పల్లెల్లో దీన్ని వెట్టి అనేవాళ్లం. వెట్టివాడు దొర గడీకి గడ్డి మోసినట్టు శాస్త్రజ్ఞుడు వ్యాసాన్ని మోసుకుపోయి ప్రచురణకర్త గుమ్మంలో పడేస్తాడు. తేడా యేమంటే యితను మోసినందుకు గర్వపడతాడు కూడాను. 2010లో ఎల్సెవియర్ శాస్త్ర ప్రచురణ విభాగానికి 200 కోట్ల పౌన్ల ఆదాయం మీద 72 కోట్ల పౌన్లకు పైగా లాభం వచ్చింది, అంటే నూటికి 36. బట్టలు నేయించేవాడికి యింత లాభం కలలో కూడా కనబడదు. యీ రహస్యాన్ని మొదట కనిపెట్టినవారిలో రాబర్ట్ మాక్స్‌వెల్ వొకడు. 1951లో పెర్గమన్ ప్రెస్ అని మొదలుపెట్టి, శాస్త్రజ్ఞులకు విందులు చేసి, శాఖకొక పత్రిక పుట్టించి, 1991లో దాన్ని ఎల్సెవియర్‌కు 44 కోట్ల పౌన్లకు అమ్ముకున్నాడు. భూరసాయనశాస్త్రంలో నేటికీ పెద్ద పేరున్న 'జియోకిమికా ఎట్ కాస్మోకిమికా యాక్టా' అనే పత్రిక పెర్గమన్ ప్రచురణగా నడిచిందే.

దీన్ని ముందే పసిగట్టి ప్రత్యామ్నాయం చెప్పిన మనిషి మనవాడే అని గర్వంగా చెప్పుకోవచ్చు. 1939లో జె.డి. బెర్నాల్ విజ్ఞానశాస్త్రపు సామాజిక కర్తవ్యాన్ని గురించి రాసిన గ్రంథంలో పత్రికల పద్ధతినే మార్చి, వ్యాసాలను విడివిడిగా వొక కేంద్రం నుంచి కావలసినవారికి పంచాలన్నాడు. 1948లో లండను రాయల్ సొసైటీ సమావేశం ముందు యీ పథకాన్ని పెడితే, నానా యాగీ జరిగి, ఆయన దాన్ని వెనక్కు తీసుకోవలసి వచ్చింది. మరి మూడేళ్లకు పెర్గమన్ వచ్చింది. సమాజం ఆ పని చెయ్యనప్పుడు సాహుకారు చేస్తాడు, చేసి వడ్డీ వసూలు చేస్తాడు.

మన ప్రభుత్వం యీ సమస్యకు యేం పరిష్కారం కనిపెట్టింది? 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం "వొకే దేశం – వొకే చందా" అనే పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు. దరిదాపు 13,000 పత్రికలు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలూ, పరిశోధనాసంస్థలూ. పత్రికలు దీన్ని విద్యావిప్లవం అని పొగిడాయి. సంగారెడ్డి పక్కన కందిలో వున్న ఐ.ఐ.టి. విద్యార్థికి యిదివరకే చాలా పత్రికలు అందేవి. ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికి యిప్పుడు కొత్తగా అందుతాయి. ఆ మేరకు మేలే, కాదనను. నా ప్రభుత్వ కళాశాల మిత్రుడు యిప్పుడు నాకు రహస్యంగా వ్యాసాలు పంపుతున్నాడు, అతనికి కృతజ్ఞుణ్ణి. కాని ప్రైవేటు కళాశాలలో చదివే పేదపిల్లకు దీనిలో చోటు లేదు. వకీలుకు లేదు, వూరి డాక్టరుకు లేదు, విలేఖరికి లేదు, సర్పంచికి లేదు. వాగు వొడ్డు రైతు మాట సరేసరి. ముఖ్యమైన సంగతి మరొకటి వున్నది. యిది కొనుగోలు కాదు, కౌలు. మూడేళ్ల తర్వాత గడువు తీరుతుంది. అప్పుడు ప్రచురణకర్త యెంత అడిగితే అంత యివ్వాలి, లేదా ద్వారం మూసుకుంటుంది. మన శాస్త్రజ్ఞులు దున్ని పండించిన పొలానికే మనం కౌలు కడుతున్నాం. సంస్థకు సగటున 95 లక్షల రూపాయలు! యీ డబ్బులో పదోవంతుతో మన విద్వత్సంఘాల పత్రికలను యే స్థాయికి తేవచ్చునో ఆలోచించినవాడు మంత్రివర్గంలో వొక్కడూ లేకపోయాడు.

కౌలు కట్టనివాళ్లను యేం చేస్తున్నారు? 2020 డిసెంబరులో ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ కలిసి ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. కజకస్తాన్ యువతి వొకతె 2011లో స్థాపించి, లోకంలోని వ్యాసాలన్నిటినీ వుచితంగా పంచుతున్న సై-హబ్‌ను యీ దేశంలో మూయించాలని. 2025 ఆగస్టులో కోర్టు దాన్ని నిలిపివేయమన్నది. అదే హైకోర్టు 2016లో, ఢిల్లీ విశ్వవిద్యాలయపు జిరాక్సు దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వారు వేసిన దావాను కొట్టివేసి, చదువు కోసం నకలు తీసుకోవడం నేరం కాదన్నది. యీ రెండు తీర్పులనూ న్యాయశాస్త్ర విద్యార్థులు పక్కపక్కన పెట్టి చదవాలి.

యిక "ఓపెన్ యాక్సెస్", అనగా బహిరంగ ప్రచురణ అనే మాట. అది మంచి మాట. మంచి మాటలనే వ్యాపారి ముందుగా కబళిస్తాడు. పాఠకుడి దగ్గర సుంకం తీసుకోవద్దంటారా, సరే, రచయిత దగ్గర తీసుకుంటాం అన్నారు పెద్ద ప్రచురణకర్తలు. 2021లో 'నేచర్ జియోసైన్స్' వంటి నేచర్ కుటుంబపు పత్రికలో వ్యాసాన్ని బహిరంగంగా ప్రకటించాలంటే 9,500 యూరోలు కట్టవలసి వుండేది. ఆనాటి మన డబ్బులో యెనిమిదిన్నర లక్షల రూపాయల దరిదాపు! పరిశోధక విద్యార్థికి రెండేళ్ల భృతి వొక వ్యాసానికి చెల్లు. నాకాను పడమటి ద్వారం నుంచి తూర్పు ద్వారానికి మార్చారు, అంతే.

యీ మోసంలో మన హైదరాబాదుకు ప్రపంచఖ్యాతి వున్నది గనుక దాన్నీ దాచకూడదు. ఓమిక్స్ అనే ప్రచురణ వ్యాపారం హైదరాబాదులోనే పుట్టింది. వందలకొద్దీ "ఓపెన్ యాక్సెస్" పత్రికలు. భూగర్భశాస్త్రానికీ, భూభౌతికానికీ కూడా వున్నవి. వ్యాసాలను నిపుణులు పరిశీలిస్తారని చెప్పి పరిశీలించకుండానే వేస్తున్నారనీ, రుసుము సంగతి ముందు దాచి తర్వాత బిల్లు పంపుతున్నారనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో ఫిర్యాదు చేయగా, 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు చెప్పింది. బహిరంగ ప్రచురణ అంటేనే బోగస్ అని మన ఆచార్యులు కొందరు యీ వుదాహరణ చూపి తీర్మానిస్తారు. కల్తీ పాలు అమ్మేవాడున్నాడని పాలే చెడ్డవనడం యేపాటి తర్కం? ఆ కల్తీకి గిరాకీ తెచ్చింది యెవరు? ఉద్యోగోన్నతి కావాలంటే అచ్చయిన వ్యాసాలకు పాయింట్లు లెక్కపెడతామని 2010లో నియమం చేసిన యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ కాదా? తెలుగు ఉపన్యాసకులం మేము కూడా ఆ పాయింట్ల కోసం ప్రబంధాల మీద రాసిందే రాసి యెక్కడెక్కడో అచ్చు వేయించుకున్నాం. నా పేర యెన్ని వున్నవో చెప్పను.

"అచ్చుకు ఖర్చవుతుంది, యెవరో వొకరు పెట్టాలి గదా" అంటారు. నిజమే, ఖర్చవుతుంది. కాని యెంత? బెంగుళూరులోని భారత విజ్ఞాన అకాడమీ 1934 నుంచి వున్న సంస్థ. దాని 'జర్నల్ ఆఫ్ ఎర్త్ సిస్టమ్ సైన్స్' భూశాస్త్రాల పత్రిక. స్ప్రింగర్‌తో వొప్పందం కుదుర్చుకున్నప్పుడు కూడా తన వ్యాసాలను తన గూటిలో వుచితంగా వుంచే హక్కును అకాడమీ వొదులుకోలేదు. రచయితనూ అడగలేదు, పాఠకుణ్ణీ అడగలేదు. వోల్కానికా అని అగ్నిపర్వతశాస్త్రజ్ఞులు 2018లో, సీస్మికా అని భూకంపశాస్త్రజ్ఞులు 2022లో తమ పత్రికలు తామే పెట్టుకున్నారు; రెండు ద్వారాల దగ్గరా సుంకం లేదు. అంతదూరం యెందుకు, పటాన్‌చెరులోనే చూడండి. 1972 నుంచి వున్న ఇక్రిశాట్, తన శాస్త్రజ్ఞుల వ్యాసాలన్నీ బహిరంగ భాండాగారంలో చేర్చాలని 2009లోనే నియమం చేసుకున్నది. జొన్న మీద, కంది మీద పరిశోధనకు తెరిచిన తలుపు, అదే పటాన్‌చెరులో నీటి మీద పరిశోధనకు యెందుకు మూసి వుండాలి? శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి 2011లోనూ, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, జీవసాంకేతిక శాఖలు 2014 డిసెంబరులోనూ యిటువంటి నియమాలే ప్రకటించినవి. కాగితం మీద అవి చక్కని నియమాలు. కాని శాస్త్రజ్ఞుడికి పదోన్నతి యిచ్చేటప్పుడు భాండాగారంలో వ్యాసం వున్నదా అని కాదు, పత్రిక పేరు విదేశీదా అని చూసేంత కాలం ఆ నియమాలు అల్మారాలో వుంటాయి. పాత వ్యాసాలను కూడా, కనీసం జిల్లాల నీటిమీదా నేలమీదా వచ్చినవాటిని, వెనకటి తేదీ నుంచి బహిరంగం చేయాలని ఉపాధ్యాయ సంఘాలు అడగాలి. యింతవరకు వొక్క సంఘం తీర్మానంలోనూ యీ మాట నాకు కనబడలేదు.

మరొక అభ్యంతరం వున్నది. దీన్ని మన మిత్రులే తెస్తారు గనుక కొంచెం నిలబడి జవాబు చెప్పాలి. "తలుపు తీసినా రైతుకు యేం అర్థమవుతుంది? ఇంగ్లీషు, లెక్కలు, పటాలు, అది నిపుణుల సరుకు" అంటారు. వ్యవహారభాష వద్దన్న పండితులు గిడుగు రామమూర్తి పంతులుతో యించుమించు యీ మాటే అన్నారు. కాని యీ అభ్యంతరంలో వొక చేదు నిజం వున్నదని నేను వొప్పుకోక తప్పదు. యెందుకంటే తలుపులు తీసివున్న వ్యాసాలు కూడా వున్నవి. ఆ స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందమే, పటాన్‌చెరు దగ్గరి వాగు అడుగు మట్టిలో మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు యెంతగా పెరిగినవో 2011లో 'ప్లోస్ వన్' అనే బహిరంగ పత్రికలో రాసింది. 2014లో కాజిపల్లి చెరువు మీద మరొక వ్యాసం, అదీ బహిరంగమే. పైసా సుంకం లేదు. కాజిపల్లిలో దాన్ని చదివినవాళ్లు యెందరు? నేను అడిగి చూశాను. వొక్క మనిషీ తగల్లేదు. కేంద్ర భూగర్భజల మండలి మన జిల్లా నీటిమీద ప్రకటించిన నివేదికలూ వుచితమే, అవీ ఇంగ్లీషులోనే పడివున్నవి.

యిక్కడ తప్పు ఎల్సెవియర్‌ది కాదు, మనది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారు, 1906లో అదే నగరంలో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు, శాస్త్రం తెలుగులోకి రావాలని యెవరి జీవో కోసమూ కాచుకోలేదు. మనం అభ్యుదయ రచయితలం కాలుష్యం మీద కవితలు రాశాం, కథలు రాశాం. నల్లబడిన వాగు మీద వుపమానాలకు కొదవ లేదు. కాని ఆ వాగు నీటి పట్టికను తెలుగు చేసినవాడు మనలో లేడు. కవి సమ్మేళనానికి వంద రూపాయల చందా యిచ్చే మనిషి, వొక వ్యాసాన్ని అనువదించడానికి వొక ఆదివారం యివ్వడు. ఫ్యాక్టరీవాడి వకీలు మాత్రం ఆ వ్యాసాలన్నీ చదివి కోర్టుకు వస్తాడు. అతని ఖర్చు అతని యజమాని భరిస్తాడు.

గత వేసవిలో మేము నలుగురం యీ పని మొదలుపెట్టాం. వొకరు రసాయనశాస్త్రం, వొకరు భూగోళం, ఆ విద్యార్థి, నేను. బహిరంగంగా దొరికేవే తీసుకున్నాం. మొదటి అడ్డంకి మాటలది. నీటిని పట్టివుంచే రాతిపొరకు పాఠ్యపుస్తకాల్లో "జలభృతం" అని వుంది. నేను దాన్నే పట్టుకొని కూచున్నాను. విద్యార్థి తండ్రి విని నవ్వి, మావైపు బావి తవ్వేవాళ్లు "జల" అంటారనీ, పైన మెత్తబడిన రాతిపొరకు వొక పేరు, కింద పగుళ్లలో నీరు వచ్చేచోటుకు మరొక పేరు వున్నవనీ చెప్పాడు. ఆ పేర్లన్నీ రాసుకున్నాం. తర్వాత వ్యాసంలోని పటం చూపించి, పరీక్షకు నీళ్లు తీసిన బావుల గుర్తులు చదివి వినిపిస్తే, ఆయన వొక గుర్తు దగ్గర వేలు పెట్టి, అది తమ దాయాదుల బావి అనీ, దాన్ని యెప్పుడో పూడ్చేశారనీ, దాని పక్కన వేసిన బోరు నీళ్లనే యిప్పుడు గొడ్లకు పెడుతున్నారనీ అన్నాడు. ఆ బోరు నీటిని పరీక్షకు పంపాలని అనుకున్నాం. దానికయ్యే రుసుము పోగుచేస్తున్నాం.